తాళంచెవి దారం

ఒక పిల్ల బడి నుంచి ఇంటికొస్తుంది. ఇంట్లో ఎవరూ లేరు. ఎర్రటి స్కూలు బ్యాగు చిన్న జేబులోంచి తాళంచెవి తీస్తుంది. ఎక్కడ పారేసుకుంటుందోనని అమ్మ దాన్ని ఊలు దారంతో బ్యాగుకే కుట్టేసింది. ఆ దారం కాస్త పొట్టిదైంది. బ్యాగు నేలమీద పెడితే తాళంచెవి తాళం దాకా అందదు. అందుకని రోజూ ఒంటికాలి మీద నిలబడి, రెండో మోకాలి మీద బ్యాగు ఆనించుకుని, తూలి పడకుండా కాచుకుంటూ తలుపు తీసుకోవాలి.

అలెక్స్ గినో రాసిన పిల్లల నవల ఈ గుమ్మం దగ్గర మొదలవుతుంది. 2015 ఆగస్టులో అమెరికాలో స్కొలాస్టిక్ సంస్థ అచ్చువేసినప్పుడు దాని పేరు ‘జార్జ్’. ఇవాళ అదే పుస్తకం ‘మెలిస్సా’ పేరుతో దొరుకుతుంది. పేరు ఎందుకు మారిందో తర్వాత చెబుతాను, ముందు ఆ దారం దగ్గర కాసేపు ఆగాలి. అమ్మ ప్రేమతోనే కుట్టింది, బిడ్డ మంచి కోరే కుట్టింది. కొలత మాత్రం సరిపోలేదు. తన బిడ్డ రోజూ సాయంత్రం ఒంటికాలి మీద నిలబడుతోందని ఆమెకు తెలియదు. నవల పొడవునా ఆ తల్లీబిడ్డల మధ్య నడిచేది ఇదే. గినో ఆ సంగతి ఎక్కడా విప్పి చెప్పరు. తలుపు తెరుచుకుంటుంది, కథ లోపలికి వెళ్లిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ అది వట్టి తాళంచెవిలాగే కనిపించింది. రెండోసారి చదివినప్పుడు గుండె పట్టేసినట్టయింది.

ఆ మొదటి పేరాలోనే ఇంకో సంగతి ఉంది. కథ మొదలైన వాక్యంలో ఆ బిడ్డ పేరు జార్జ్. అమెరికాలో అది మగపిల్లల పేరు. కాబట్టి మన మనసులో ఒక అబ్బాయి రూపు కట్టేస్తుంది. రెండు వాక్యాలు గడిచాక, సరిగ్గా ఆ ఒంటికాలి దగ్గర, రచయిత ఆ బిడ్డకు స్త్రీలింగ సర్వనామం వాడతారు. ఇంగ్లీషులో అది చిన్న మాట. చదువుతున్నవాళ్లు అచ్చుతప్పేమో అనుకుని వెనక్కి వెళ్తారు. తప్పు కాదు. అక్కణ్నుంచి చివరి పుట దాకా కథ చెప్పే గొంతు ఒక్కసారి కూడా తడబడదు. అమ్మ, అన్న, టీచరు, బడిలో ఏడిపించే పిల్లలు అందరూ ఆ బిడ్డను అబ్బాయిగానే లెక్కగట్టి మాట్లాడుతుంటారు. కథకుడొక్కడే ‘ఆమె’ అంటాడు.

ఈ నవలలో అసలైన పనితనం ఇక్కడుందని నా నమ్మకం. ఇలాంటి కథల్లో సాధారణంగా బిడ్డ చేత రుజువులు చెప్పిస్తారు. ఆమె ఏడవాలి, వాదించాలి, డాక్టరో సైకాలజిస్టో వచ్చి అవునని తలూపాలి, అప్పుడు గానీ కథకుడు ఒప్పుకోడు. గినో ఆ వరస తిరగేశారు. నమ్మకం మొదటి పేజీలోనే ఇచ్చేశారు. ఇక మిగిలిన కథంతా, మనకు ముందే తెలిసిన నిజం ఆ ఇంట్లోవాళ్లకు ఎప్పుడు తెలుస్తుందా అన్న ఎదురుచూపు. పదేళ్ల పాఠకురాలికి ఈ ఎత్తుగడ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగు పేజీలు తిరిగేసరికి ‘ఆమె’ అన్న మాట అలవాటైపోతుంది. తర్వాత కథలో ఎవరైనా ‘అబ్బాయి’ అన్నప్పుడల్లా ఆ మాటే తప్పుగా వినిపిస్తుంది. ఒక్క ఉపన్యాసం లేకుండా చదివేవాళ్ల చెవిని సరిచేశారు. ఇంత పెద్ద పని ఇంత చిన్న పనిముట్టుతో చేసిన పిల్లల పుస్తకం నేను మరొకటి చదవలేదు.

లోపలికి వెళ్దాం. అల్మరాలో ఒక డెనిమ్ సంచి దాచి ఉంది. దాన్నిండా అమ్మాయిల మ్యాగజైన్లు. ఆ బిడ్డ బాత్రూంలోకి వెళ్లి, గడియ పెట్టుకుని వాటిని తిరగేస్తుంది. ఆ బొమ్మల్లోని అమ్మాయిల మధ్య తనూ ఉన్నట్టు, వాళ్లు తనను మెలిస్సా అని పిలుస్తున్నట్టు ఊహించుకుంటుంది. ఆ పేరు అప్పటికి ప్రపంచంలో మరో మనిషికి తెలియదు. ఇంతలో అన్న స్కాట్ ఇంటికొచ్చిన అలికిడి, తలుపు మీద దెబ్బలు, లోపల కంగారు. గినో ఆ కొద్ది నిమిషాల ఆనందాన్ని ఎంత వివరంగా రాశారో, ఆ కంగారునూ అంతే వివరంగా రాశారు. ఒక పిల్ల తన ఇంట్లో తను దొంగలా బతకడం ఎలా ఉంటుందో ఈ ఒక్క దృశ్యం చెబుతుంది. దాచుకున్నది చూస్తే నాలుగు పాత మ్యాగజైన్లు.

కథ నడిచేది బడి నాటకం చుట్టూ. నాలుగో తరగతి పిల్లలు ఇ. బి. వైట్ 1952లో రాసిన ‘షార్లెట్స్ వెబ్’ను ఆడబోతున్నారు. విల్బర్ అనే పందిపిల్లను కోతకు పోకుండా కాపాడటానికి షార్లెట్ అనే సాలీడు తన గూటిలో మాటలు అల్లుతుంది. జనం వచ్చి ఆ అక్షరాలు చదివి పందిపిల్లను కొత్తగా చూడటం మొదలుపెడతారు. పందిపిల్లలో మార్పేమీ లేదు, దాని మీదున్న మాటే మారింది. మన నవలలోని పిల్లకు ఆ షార్లెట్ పాత్ర కావాలి. సంభాషణలన్నీ బట్టీ పట్టి వెళ్తుంది. ఉడెల్ టీచరు మొదట అది వేళాకోళమనుకుంటారు, ఆ తర్వాత అబ్బాయికి ఆ వేషం కుదరదంటారు. గినో వేరే ఏ నాటకమైనా ఎంచుకోవచ్చు, రాకుమార్తెల కథలకు కొదవా? మాటతో ప్రాణం నిలిపే జీవిని ఎంచుకున్నారు. కథకుడు తన సర్వనామంతో చేస్తున్న పనే షార్లెట్ తన గూటిలో చేస్తోంది. ఈ రెండు పోగులూ ఎక్కడ కలుస్తున్నాయో రచయిత వేలు పెట్టి చూపించరు. చూపించకపోవడమే నాకు నచ్చింది.

ఆడ వేషమంటే మనకు స్థానం నరసింహారావు, వేదాంతం సత్యనారాయణ శర్మ గుర్తొస్తారు. మగవాళ్లయి ఉండి ఆడవాళ్లకే అసూయ పుట్టేలా నటించారని వాళ్లను తరతరాలుగా మెచ్చుకున్నాం. వాళ్లది నటన, వేషం తీసేస్తే పూర్తయ్యే పని. మెలిస్సా సంగతి వేరు. ఆమెకు రోజంతా వేషమే. అబ్బాయిల వరసలో నిలబడటం, అబ్బాయి పేరుకు పలకడం, ఆ మాటలకు నవ్వడం, అదంతా నటన. రంగస్థలం మీదికి ఎక్కి షార్లెట్‌గా మాట్లాడే కొద్దిసేపే ఆమె నటించకుండా ఉండగలిగేది. అందుకే ఆ పాత్ర కోసం అంతగా తపిస్తుంది. నాటకం తనను చూడటానికి వచ్చిన అమ్మకు ఏదో ఒకటి చెబుతుందని ఆమె ఆశ.

షార్లెట్ వేషం ఆమె ప్రాణస్నేహితురాలు కెల్లీకి దక్కుతుంది. కెల్లీకి అసలు సంగతి తెలిశాక కొంచెం తికమక పడుతుంది, ఆ తర్వాత నీకు అండగా ఉంటానంటుంది. నాటకం రెండుసార్లు ఆడాలి. ఒక ప్రదర్శన కెల్లీ చేసి, రెండోదాంట్లో వేషం మెలిస్సాకు ఇచ్చేస్తుంది. ఎవరికీ చెప్పకుండా ఇద్దరు పిల్లలు పన్నిన పన్నాగం. ఆ రెండో ప్రదర్శన రాసిన పేజీల్లో వాక్యాలు తేలికపడతాయి. అంతకుముందు ప్రతి పేజీలోనూ ఆ పిల్ల ఏదో ఒకటి అణచుకుంటూ, మింగుకుంటూ ఉంటుంది. ఇక్కడ మాట నేరుగా బయటికొస్తుంది. పైగా ఆ మాటలు ఆమెవి కూడా కావు, వైట్ రాసిన సాలీడువి.

అమ్మ పాత్ర గురించి చెప్పకపోతే ఈ పరిచయం సగమే. ఆమె చెడ్డది కాదు. ఇద్దరు పిల్లలను ఒంటిచేత్తో పెంచుతోంది. డెనిమ్ సంచి దొరికినప్పుడు తీసేసుకుంటుంది. లోకం ఏం చేస్తుందోనని ఆమెకు భయం, ఆ భయమే కోపమై బయటికొస్తుంది. నాటకం చూశాక కూడా ఆమె రాత్రికి రాత్రి మారిపోదు. ప్రిన్సిపాల్ మాల్డొనాడో ఆమెతో ఒక మంచిమాట చెబుతారు. పిల్లలు ఎవరో నిర్ణయించడం మన చేతుల్లో లేదు, అండగా నిలవడం మాత్రం ఉంది అన్నది దాని సారాంశం. అది విన్నాక అమ్మ ఒక అడుగు వేస్తుంది, ఒక్క అడుగే. మన పత్రికల్లో వచ్చే కథల్లో ఆఖరి పేరాలో తల్లులు కన్నీళ్లతో కౌగిలించుకుంటారు. గినో ఆ సుళువు దారి పట్టలేదు. అన్న స్కాట్ మాత్రం విన్న వెంటనే ఎన్నాళ్లుగానో ఉన్న చిక్కు విడిపోయినట్టు తేలిగ్గా ఒప్పేసుకుంటాడు. పెద్దవాళ్లకు బరువైన చోట పిల్లలు తేలిగ్గా దాటడం నేను నిజజీవితంలోనూ చూశాను.

చివరి అధ్యాయంలో కెల్లీ వాళ్ల చిన్నాన్న బిల్ ఇద్దరినీ బ్రాంక్స్ జూకు తీసుకెళ్తాడు. కెల్లీ బట్టలు తొడుక్కుని, తను ఎవరో ముందు తెలియని మనిషి పక్కన, మెలిస్సా ఒక రోజంతా అమ్మాయిగా తిరుగుతుంది. జంతువులను చూడటం తప్ప అక్కడేమీ జరగదు. కాకపోతే కథకుడు ఇంకొక అడుగు వేస్తాడు. ఇంతవరకూ సర్వనామం స్త్రీలింగంలో ఉన్నా పేరు మాత్రం జార్జ్ అనే వస్తోంది. జూ అధ్యాయంలో పేరు కూడా మెలిస్సా అయిపోతుంది. మొదటి పేజీలో సర్వనామం, చివరి అధ్యాయంలో పేరు. ఈ రెంటి మధ్య దూరమే నవల.

ఈ పని గినోకు ఒక్కరోజులో కుదరలేదు. న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో పుట్టి పెరిగిన గినో ఈ కథను 2003లో మొదలుపెట్టారు. పుస్తకం చేతికొచ్చేసరికి 12 ఏళ్లు. మధ్యలో సామాను సర్దేసి, బండినే ఇల్లు చేసుకుని 44 అమెరికా రాష్ట్రాలు తిరిగారు. ఆ రోజుల్లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల నవలల్లో ట్రాన్స్ బిడ్డ కథానాయికగా కనిపించడం చాలా అరుదు. తను ఆడ, మగ అన్న రెండు గదుల్లో దేనికీ చెందనని గినో బాహాటంగానే చెప్పుకుంటారు. ఇంగ్లీషులో తమకు ‘దే’ అన్న బహువచన సర్వనామం వాడమంటారు. అది ఒకరికి ఎలా చెల్లుతుందని ఇంగ్లీషువాళ్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మనకు ఆ బాధ లేదు. ‘గినో గారు రాశారు, వారు చెప్పారు’ అంటే చాలు. అందులో లింగం లేదు, గౌరవం ఉంది. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు మన భాష మీద నాకు కలిగిన సంతోషాల్లో ఇదొకటి.

2016లో ఈ పుస్తకానికి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ వారి స్టోన్‌వాల్ పురస్కారం వచ్చింది. లాంబ్డా సాహిత్య పురస్కారమూ వచ్చింది. ఆ లైబ్రరీ అసోసియేషనే ఏటా లైబ్రరీల నుంచి తీసేయమని ఎక్కువగా అభ్యంతరాలొచ్చిన పుస్తకాల జాబితా కూడా ప్రకటిస్తుంది. 2016 జాబితాలో ఈ నవల మూడో స్థానంలో ఉంది, 2017లో ఐదో స్థానంలో. 2018, 2019, 2020, వరసగా మూడేళ్లు మొదటి స్థానం. 2018లో ఒరెగాన్‌లో రాష్ట్రవ్యాప్తంగా పిల్లలకు జరిగే పుస్తకాల పోటీకి దీన్ని ఎంపిక చేశారన్న కారణంతో రెండు స్కూల్ డిస్ట్రిక్టులు పోటీ నుంచే తప్పుకున్నాయి. జూకు వెళ్లి రావడంతో ముగిసే పుస్తకం గురించి ఇదంతా. కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో బడి లైబ్రరీలకు పుస్తకం చేరనప్పుడు, గినో పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి కాపీలు అందే ఏర్పాటు చేశారు. ట్రాన్స్ పిల్లల గురించి రాసే రచయిత బతుకులో ఇదీ ఒక భాగం. రాసే టేబుల్ దగ్గర ఎంత సమయం పోతుందో, రాసిన పుస్తకం అలమారలో నిలబడేలా చూడటానికీ అంతే పోతుంది.

ఇప్పుడు పేరు సంగతి. గినో మొదట పెట్టుకున్న పేరు ‘గర్ల్ జార్జ్’. ప్రచురణ దారిలో అది ‘జార్జ్’గా మిగిలింది. లోపలి పేజీల్లో కథకుడు ఎంతో జాగ్రత్తగా నిలబెట్టిన మర్యాదను అట్ట మీది అక్షరాలు కాదన్నాయి. ఆ పిల్ల వదిలేసిన పేరు చదివేవాళ్లకు మొదట కనబడేది. ఇది తప్పని గినోకు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిగా అనిపించింది. 2021లో ఆ మాట బయటపెట్టి, తన కథానాయికకు క్షమాపణ చెప్పారు. పాఠకులను మార్కర్ పెన్ను తీసుకుని తమ దగ్గరున్న పుస్తకాల అట్ట మీద పాత పేరును దిద్ది ‘మెలిస్సాస్ స్టోరీ’ అని రాసుకోమన్నారు. పిల్లలు, టీచర్లు, లైబ్రేరియన్లు ఆ పని చేశారు. తర్వాత స్కొలాస్టిక్ కూడా ఒప్పుకుంది, 2022లో ‘మెలిస్సా’ అన్న కొత్త అట్టతో పుస్తకం వచ్చింది. పురస్కారాలు వచ్చి, లక్షల మందికి తెలిసిపోయిన పేరును రచయితే తప్పని చెప్పి మార్చుకోవడానికి ఎంత నిజాయితీ కావాలో రాసేవాళ్లకు తెలుసు. మొదటి పేజీలో సర్వనామం, చివరి అధ్యాయంలో పేరు, దాదాపు ఏడేళ్ల తర్వాత అట్ట. ఒకే పని మూడు విడతల్లో పూర్తయింది.

ఈ నవలలో లోటు లేదనను. ఆ పిల్లను ఏడిపించే జెఫ్ పలచగా ఉంటాడు, వట్టి చెడ్డ కుర్రాడిగా తేలిపోతాడు. కెల్లీ మరీ తొందరగా అర్థం చేసుకుంటుందేమో అనిపిస్తుంది. గినోకూ ఈ వెలితి తెలిసినట్టే ఉంది. 2020లో ‘రిక్’ అన్న నవల రాశారు. జెఫ్ పక్కన నిలబడి నవ్విన స్నేహితుడే అందులో కథానాయకుడు. పక్కన నిలబడి నవ్వినవాడికీ ఒక మనసుందని, వాడూ మారవచ్చని ఒక పుస్తకం మొత్తం ఇచ్చారు. మెలిస్సా అందులోనూ కనిపిస్తుంది. వెక్కిరించిన పక్షానికి ఇంత ఓపిగ్గా చోటిచ్చిన రచయితను నేను ప్రేమించకుండా ఉండలేను.

ఒక సాయంత్రం కూర్చుని ఆ మొదటి పేజీ తెలుగు చేసి చూశాను. అక్కడ తెలిసింది ఇది ఎంత కష్టమో. ఇంగ్లీషు క్రియలకు లింగం లేదు. మనకు ‘తీశాడు’, ‘తీసింది’ అని ప్రతి వాక్యం చివరా తేలిపోతుంది. గినో మూడో వాక్యం దాకా దాచింది మనకు మొదటి వాక్యంలోనే బయటపడుతుంది. పోనీ దాచాలంటే దారులున్నాయి. ‘తీయాలి’, ‘తీయాల్సి వచ్చేది’ అనుకుంటూ కొంతదూరం వెళ్లొచ్చు. గినో స్త్రీలింగం వాడిన చోట మన ‘తనను తాను’కు అసలు లింగమే లేదు. రెండు రకాలుగా రాసి, చివరికి ‘జార్జ్ తాళంచెవి తీసింది’ అని మొదటి వాక్యంలోనే తేల్చేశాను. ఆ ‘సింది’ దగ్గర తెలుగు పాఠకుడికి కలిగే ఉలికిపాటు ఇంగ్లీషు పాఠకుడి దానికంటే పెద్దది. ఆ తర్వాత ప్రతి వాక్యంలోనూ కథకుడి నమ్మకం మళ్లీ మళ్లీ వినబడుతుంది.

మాటల్లో ఇంకో చిక్కుంది. ‘నేను వచ్చాను’, ‘నువ్వు వచ్చావు’లో లింగం లేదు. పి. సత్యవతి గారు తెలుగు చేసిన ఎ. రేవతి ఆత్మకథ ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ‘నేను’ అంటూ సాగుతుంది. తన గురించి తను చెప్పుకునేటప్పుడు రేవతి క్రియకు ఆడా మగా తేడా ఉండదు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. అయితే మన ఇళ్లలో పిల్లల్ని ‘ఏరా’, ‘ఒరేయ్’, ‘ఏమే’ అంటూ రోజుకు ఎన్నిసార్లు పిలుస్తామో లెక్కలేదు. కూతుర్ని ముద్దుగా ‘ఏరా నాన్నా’ అనే తండ్రులూ ఉన్నారు. మెలిస్సాలాంటి బిడ్డకు ఏ ‘రా’ ముద్దుగా తగులుతుందో, ఏది ముల్లులా గుచ్చుకుంటుందో రాయగలిగితే అది ఇంగ్లీషు మూలంలో కూడా లేని సొగసు అవుతుంది. ఈ వయసు పిల్లల కోసం మన దేశంలోనూ మంచి ప్రయత్నాలున్నాయి. చెన్నైలోని తూలిక సంస్థ తెచ్చిన కనక్ శశి బొమ్మల పుస్తకం ‘గుఠ్లీ హ్యాజ్ వింగ్స్’ అలాంటిది. అక్క ఫ్రాకు తొడుక్కోవాలనుకునే బిడ్డ కథ అది.

పిల్లల కోసం తెలుగులో రాసేవాళ్లకు, అనువదించేవాళ్లకు నా మనవి ఒకటే. ‘మెలిస్సా’ మొదటి పేజీ మీరూ తెలుగు చేసి చూడండి. దాన్ని పదేళ్ల పిల్లలకు చదివి వినిపించండి. ‘తీసింది’ దగ్గర వాళ్లు ఏమంటారో విని, రెండో పేజీ మొదలుపెట్టండి.